ఐలయ్య స్టెప్పు

ఆ రోజు బంద్. రాయదుర్గంలోని మా ఆఫీసు, శనివారం వచ్చి పని చేయాలన్న షరతు మీద సెలవిచ్చింది. సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచీ ఇదే వరస. ఉద్యమం ఎవరిదైనా శనివారాలు మాత్రం మావే పోతున్నాయి. ఫ్లాట్లో కాఫీ పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పాత డిస్కో పాటలు వెతకడం మొదలుపెట్టాను. ఒక పాట నుంచి ఇంకో పాటకు పోతూ ఉంటే మధ్యాహ్నానికి ఆ వీడియో దొరికింది.

లక్డీకాపూల్ దగ్గర ఒక హోటలు కింద ఉండే డిస్కోథెక్. 1996. అప్పటి డీజే ఎవరో పాత క్యాసెట్లన్నీ యూట్యూబ్‌లో ఎక్కిస్తున్నాడు. బొమ్మ రంగు వెలిసిపోయినా బీటు మాత్రం అలాగే ఉంది. పదిహేనేళ్ల తర్వాత కూడా కాలు ఊరుకోలేదు. నేను అక్కడికి వెళ్తున్నానని అప్పట్లో అనంతపురంలో మా నాన్నకు తెలిసి ఉంటే చదువు మాన్పించి ఇంటికి తీసుకుపోయేవాడు.

ఆదివారం మధ్యాహ్నాలు కాలేజీ పిల్లలకని జామ్ సెషన్ పేరుతో డాన్సు పార్టీ ఉండేది. మగపిల్లలు ఒంటరిగా వస్తే లోపలికి రానిచ్చేవారు కాదు, జంటగా రావాలి. అందుకని వాళ్లు గేటు దగ్గర నిలబడి, వచ్చిన అమ్మాయిలను తోడు రమ్మని బతిమాలేవారు. అలా నన్ను అడిగినవాడే ఐలయ్య. ఖాజాగూడవాడు, డిగ్రీ చదివేవాడు. గేటు దాటాక ఎవరి దారి వారిది. ఏడాది పాటు ప్రతి ఆదివారం అతనితో జంటగా వెళ్లాను, ఒక్కసారీ కలిసి ఆడలేదు. అతను ఒంటికాలి మీద గిర్రున తిరిగి, కూలబడబోయినట్టు వంగి, భుజం విదిలించి లేచేవాడు. ఆ స్టెప్పు వేస్తే చుట్టూ ఉన్నవాళ్లు ఆట ఆపి చోటిచ్చేవారు.

వీడియోలో ఆ స్టెప్పు ఉంది. వెనక, నడుముకు చున్నీ బిగించి, చప్పట్లు కొడుతూ నేనున్నాను.

అదే స్టెప్పును రెండు వారాలుగా ఆఫీసు నుంచి ఇంటికొచ్చే దారిలో చూస్తున్నాను. ఖాజాగూడలో వేసిన తెలంగాణ ఉద్యమ టెంటులో సాయంత్రాలు ఆటపాటల ధూం ధాం జరుగుతుంది. ఐలయ్య ముందుండి ఆడతాడు, వెనక ఊరి కుర్రాళ్లందరూ ఆ స్టెప్పే వేస్తారు. పలకరించాలని చాలాసార్లు అనుకున్నాను. నోరు తెరిస్తే నా యాస బయటపడుతుందని కారు దిగలేదు.

పిరికిదాన్ని అని ఒప్పుకుంటున్నాను. కానీ ఫేస్‌బుక్ దగ్గర నాకు ధైర్యం ఎక్కువ. వీడియో పెట్టి ఇలా రాశాను: "ఖాజాగూడ టెంటును ఊపేస్తున్న స్టెప్పు ఎక్కడ పుట్టిందో చూడండి. లక్డీకాపూల్ డిస్కోలో. నేనే సాక్షి." అందరూ మెచ్చుకునేదాని పుట్టుక నాకు తెలుసన్న గొప్ప, అంతే.

సాయంత్రానికి వీడియో ఊరంతా తిరిగింది. మా వైపువాళ్లు దాని కింద, వీళ్ల సంస్కృతి అంతా డిస్కో సరుకేనని ఎగతాళి రాశారు. మర్నాడు పొద్దున్నే తీసేశాను. రెండు రోజులకు టెంటులో ఐలయ్య లేకుండా ఆట సాగడం చూసి, ఈసారి కారు దిగాను.

అతను టెంటు వెనక మంచినీళ్ల డ్రమ్ము దగ్గర గ్లాసులు కడుగుతున్నాడు.

"ఐలయ్యా, నన్ను గుర్తుపట్టినావా?"

"గుర్తువట్టిన మేడం. అందరు గుర్తువట్టిండ్రు."

అప్పట్లో ప్రియా అని పిలిచేవాడు. ఆ మేడం నాకు తగలాల్సిన చోటే తగిలింది.

"తప్పయింది. వీడియో తీసేసినాను."

"తీసేస్తే ఏమైతది? అందరి ఫోన్లల్ల ఉన్నది. దసరాకు పెద్ద ధూం ధాం ఉండె. ఆ స్టెప్పు వద్దన్నరు, నన్ను గూడ వద్దన్నరు."

"నేనొచ్చి మాట్లాడతా. డిస్కోలో నేర్చుకుంటే తప్పేమని అడుగుతా."

అతను ఇంకో గ్లాసు నీళ్లలో ముంచాడు. తిట్టినా బాగుండేది.

"నేను ఆడ నేర్సుకోలే మేడం. అది మా నాయనది. బోనాలప్పుడు డప్పు కొట్టుకుంట గట్లనే తిరుగుతుండె. నేనే దాన్ని ఆడికి తీస్కపోయిన. ఇంగ్లీషు పాటకు మా నాయన స్టెప్పేస్తే అంత పెద్ద హోటల్ల అందరు జరిగి చోటిచ్చిండ్రు. గా ఆదివారాలన్ని గందుకే వచ్చిన."

ఏడాది పాటు పక్కన నిలబడి చప్పట్లు కొట్టాను. అది ఎక్కడిదని ఒక్కనాడూ అడగలేదు.

"ఆ సంగతి మీవాళ్లకు చెప్పలేదా?"

"చెప్పిన. అందరు చిన్న పోరలు, ఎన్నడో కాలంజేసిన నాయనను చూడలే. సబూతు చూపియ్యమన్నరు."

"సాక్ష్యం చెప్పడానికి, చూసినోళ్లు ఊళ్లో ఎవరూ లేరా?"

"కొందరు సచ్చిపోయిండ్రు. కొందరు మీ ఆఫీసులకు భూములమ్ముకొని ఎటో పోయిండ్రు."

కడిగిన గ్లాసులు డ్రమ్ము మీద బోర్లించి, తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు.

"మా నాయనను ఎవ్వలు వీడియో తియ్యలే మేడం."