మూపురం ఉన్న ల్యాప్‌టాప్

రండి, చాప మీదికి జరగండి. శశీ, ఆ చేపల కబుర్లు తర్వాత. గోవిందూ, ఆ యంగోనా వేరు కషాయం గిన్నె కింద పెట్టి నోటికి కాస్త తీరిక ఇవ్వు. మా అమ్మణి అక్క పాట సముద్రం దాటిన సంగతి చెబుతాను. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఉన్నా చిన్నదే.

రెండు వేల పదో సంవత్సరం. సముద్రం అవతలి దీవిలో, సావుసావులో, అక్క మనవరాలు ఇందిర పెళ్ళి. అంతకు నలభై ఏళ్ళ కిందట, మన తాతలు చెరకు కూలికి వచ్చిన ఈ దీవుల దేశానికి స్వతంత్రం వచ్చిన ఏడే అక్క కూతుర్ని ఆ ఊరికి ఇచ్చాం. అప్పుడు మా ఊళ్ళో, ఈ తవువా పందిట్లో ఇరవైమంది ఆడవాళ్ళు తెలుగులో నలుగు పాట పాడుతుంటే, చెరకు తోటలో గాలి కూడా ఆగి విన్నది. ఆ ఇరవైమందిలో మిగిలింది అక్క ఒక్కతే. ఆమెను డాక్టరు ఓడ ఎక్కొద్దన్నాడు.

ఇందిర టౌనుకొచ్చి ఫోను చేసింది. "తాతా, అమ్మమ్మ పాట లేకుండా నేను పీట మీద కూర్చోను. ఆమె ముఖం కూడా కనబడాలి."

చూపిద్దామంటే వాళ్ళ ఇల్లు కొండ మీద. కరెంటు లేదు.

మా ఊళ్ళో రేడియోల కొట్టు ముకేష్ దగ్గరికి అప్పుడే చిన్న ల్యాప్‌టాప్‌లు మూడు వచ్చాయి. పలక కంటే కొంచెం పెద్దవి, మనలాంటివాళ్ళు కొనగలిగేవి. నాకు చదువు రాదు కానీ ఎద్దుల్ని ఎంచడం వచ్చు. పళ్ళు చూశాను, అంటే మీటలు. ఒళ్ళు నిమిరాను. చెవి ఆనించి ఊపిరి విన్నాను.

"అరే మునియ్య కాకా, అది ఎద్దు కాదు," అన్నాడు ముకేష్.

"లాగేదేదైనా ఎద్దేరా. మూడింటికీ తీగ పీకేసి ఒకే భజన పెట్టు. ఎవరెంత దూరం లాగుతారో చూద్దాం."

ఎర్రది గాజుల పెట్టెలా ఉంది. మూత తీయగానే కొట్లో ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. రెండు గంటల్లో కళ్ళు మూసింది. వెండి రంగుది మహా చురుకు, వేలు పెట్టేలోపే తెరుచుకునేది. కానీ ఒళ్ళు కాలిపోయేది. ముకేష్ భార్య ప్రభ దాని మీద రెండు రొట్టెలు కాల్చుకుంది. నాలుగు గంటలకు అదీ కూలబడింది. మూడోది నల్లటి మొద్దు. అది తెరుచుకునేలోపు యంగోనా తాగి రావచ్చు. అయితే వెనక బ్యాటరీ మూపురంలా పొడుచుకొచ్చి ఉంది. శనివారం కొట్టు మూసి సోమవారం తలుపు తీస్తే ఇంకా భజన పాడుతోంది. గొంతు మాత్రం కాస్త బొంగురుపోయింది.

"దీనికి అందం లేదు కాకా."

"నేను పెళ్ళి చేసేది దీనికి కాదు కదా."

అక్క వంటింటి గడప మీద కూర్చుని పాడింది. ముకేష్ పాటనూ ముఖాన్నీ ఆ నల్ల మొద్దులోకి పట్టాడు. బస్సెక్కాను, ఓడెక్కాను.

ఓడలో బసంతి అనే ముసలమ్మ ఒక్కసారి చూపించమంది. చూపిస్తే, "హమార్ మాయీ, మా అమ్మ, ఇదే పాడేది. నాకే ఆ పాట మాటలు గుర్తు లేకుండా పోయాయి బాబూ," అని కళ్ళు తుడుచుకుంది. ఇంక ఓడంతా వరస కట్టింది. కాదనడం నా చేత కాలేదు. కెప్టెన్ కూడా చుక్కాని వదిలేసి వచ్చాడు. పాట చెదరకుండా ఓడ తనంతట తనే మెల్లగా నడిచింది. దిగేసరికి మూపురంలో పదోవంతు మిగిలింది.

మర్నాడు పొద్దున ఇందిర పీట మీద కూర్చుంది. మూత తీశాను. మొద్దు మూడుసార్లు కళ్ళార్పింది. అప్పుడు అక్క ముఖం వచ్చింది.

అక్క ఒక చరణం పాడటం, పందిట్లో ఆడవాళ్ళు తిరిగి అదే పాడటం. వాళ్ళకు హిందీ తప్ప రాదు. రాగం మాత్రం ఎవరో ఎప్పుడో వాళ్ళ చెవుల్లో వేసి వెళ్ళినట్టుంది, ఒక్కరూ తప్పలేదు. నేను కళ్ళు మూసుకున్నాను. మా అమ్మ, పిన్నమ్మ, అందరూ పసుపు చేతులతో వచ్చి నా చుట్టూ కూర్చున్నారు.

మధ్యలో అక్క తల తిప్పి, "ఒరే మునియ్యా, పాలు పొంగుతున్నాయి, దించరా," అంది. పాట పట్టిన రోజు వంటింట్లో నిజంగానే పొంగాయి, దించింది నేనే. పందిట్లో వాళ్ళకేం తెలుసు? చేతులు తడుతూ, అదే రాగంలో, "ఒరే మునియ్యా, పాలు పొంగుతున్నాయి, దించరా" అని రెండుసార్లు పాడారు. ఇందిర పసుపు ముఖంతో నవ్వీ నవ్వీ ఏడ్చింది.

చివరి చరణం అయ్యాకే ల్యాప్‌టాప్ పడుకుంది. ఆడవాళ్ళు ఆగలేదు, మొదటినుంచి మళ్ళీ ఎత్తుకున్నారు, పాలతో సహా. ఇవాళ్టికీ ఆ కొండ మీద నా పేరు పాడందే పెళ్ళికూతుర్ని పీట మీంచి లేవనివ్వరు.

పెళ్ళికొడుకు మేనమామ బిజేంద్ర, తెలుగులో పాలు అన్న ఒక్క మాట తెలిసినవాడు, అంతసేపూ నా పక్కన చేతులు జోడించి నిలబడ్డాడు. పాట అయ్యాక నా చెవి దగ్గరికి వంగి హిందీలో అడిగాడు: "ఈ మునియ్య స్వామి గుడి మీ తవువాలో ఎక్కడండీ? మా ఆవు ఈమధ్య పాలు తక్కువిస్తోంది."