కలుపుగోలు మనిషి

డజను గొడుగులను ఒక కట్టగా నిలబెట్టి, నడుముకు పురికొస రెండు చుట్లు చుట్టి, ముడి బిగించాడు డిస్పాచ్ గుమస్తా. చీటీ వెనక జిగురు రాసి అతికించి, అరచేత్తో ఒక్క చరుపు చరిచాడు. ఆ చరుపు లేకపోయినా చీటీ అంటుకుంటుంది. కాని ఆ చప్పుడు వినబడితే తప్ప పని పూర్తయినట్టు ఆయనకు తోచదు. వేళ్ళ చివర జిగురు ఎండి పొలుసులు కట్టి ఉంది. ఇంటికెళ్ళి ఎంత తోమినా అది పూర్తిగా వదలదు. భుజాలు ముందుకు వంగిన సన్నటి మనిషి. ఆ గొడుగుల ఫ్యాక్టరీలో, ఆ చెక్క బల్ల వెనకే ఆయన జుట్టు నెరిసింది, కళ్ళకు జోడు వచ్చింది, పిల్లల పెళ్ళిళ్ళు అయ్యాయి.

ఎదురుపడితే అందరూ గుమస్తాగారూ అంటారు. ఆయన అటు తిరిగితే మాత్రం ఆయన పేరు ‘తీరని లోటు’.

ఎన్నో ఏళ్ళ కింద ఒక ఫోర్‌మన్ పోయినప్పుడు, ఎవరైనా రెండు మాటలు చెప్పమన్నారు. అందరూ కాళ్ళ వంక చూసుకుంటూ నిలబడ్డారు. ఈయన లేచాడు. ‘వారి మరణం మన సంస్థకు తీరని లోటు. వారు మృదుస్వభావి. అందరితో కలుపుగోలుగా మెలిగేవారు. వారి సేవలు చిరస్మరణీయం’ అన్నాడు. పేపర్లో చదివి చదివి నోటికొచ్చిన మాటలవి. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. అప్పటి మేనేజరు పిలిచి చెయ్యి కలిపాడు. దాంతో ఆయనకు ఉపన్యాసాల పిచ్చి పట్టుకుంది. ఆ తర్వాత ఆ ఫ్యాక్టరీలో రిటైరు కావాలన్నా, చివరికి చావాలన్నా ఆయన ఉపన్యాసం వినకుండా వీల్లేకపోయింది. బతికున్నవాళ్ళకైతే ‘మరణం’ తీసేసి ‘పదవీ విరమణ’ అనేవాడు. మిగతాదంతా ఒక్కటే. వెనక వరసలోవాళ్ళు ఆయనతో పాటు పెదవులు కదుపుతుంటే, తన మాటలు జనానికి ఎంత నచ్చాయో అని మురిసిపోయేవాడు పాపం.

పోయిన నెల ఆయన సొంత అన్నే పోయాడు. వచ్చినవాళ్ళ ముందు లేచి నిలబడితే ఆయన నోటివెంట ఆ నాలుగు వాక్యాలే వచ్చాయి. అందరూ వెళ్ళాక వదిన దగ్గరికి వచ్చి కూర్చుంది.

“మరిదీ, ఇందాక మీరు చెప్పింది ఎవరి గురించి?” అంది.

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. అన్న ముక్కోపి. వీధిలో సగం మందితో ఆయనకు మాటల్లేవు. జ్వరంతో కాలిపోతున్న తమ్ముణ్ణి భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తినవాడూ ఆయనే. మృదుస్వభావి ఎవరో వదినకు అంతుబట్టలేదు. గుమస్తా సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆ తర్వాత వచ్చిన మొదటి సభ ఇవాళే. తనిఖీ బల్ల దగ్గర పనిచేసే ఆవిడ రిటైరవుతోంది. మధ్యాహ్నం భోజనాలు ముగిసిన గంట కొట్టగానే పెద్ద గదిలో మీటింగు. “ఎప్పట్లాగే మీరో రెండు ముక్కలు చెప్పేయండి” అని కొత్త మేనేజరు నిన్ననే పురమాయించాడు. పొద్దున గుమ్మం దాటుతుంటే భార్య నవ్వుతూ, “నేను పోయినా ఇదే అప్పజెప్తారా ఏంటి?” అంది. ఆయన నవ్వలేకపోయాడు.

ట్రాలీ చక్రాలు కీచుమన్నాయి. తనిఖీ ఆవిడే, తాను చూసిన గొడుగులు తోసుకొచ్చింది. రోజంతా గొడుగు తెరిచి, లోపలినుంచి దీపం వైపు ఎత్తి చిల్లులు వెతకడం ఆవిడ పని. అందుకే తల కాస్త వెనక్కి వాలి, గడ్డం పైకెత్తి ఉంటుంది. చూసేవాళ్ళకు అది గీర అనిపిస్తుంది. దానికి తోడు ఆవిడ ఎవరితోనూ కూర్చుని అన్నం తినదు. అందుకని అందరూ ‘ముభావం’ అని పేరు పెట్టారు. గుమస్తా కూడా అన్నాడు ఒకటి రెండు సార్లు.

“అన్నయ్యగారూ, ఇవాళ మాట్లాడేది మీరేగా?”

“నేనేనమ్మా.”

“కలుపుగోలు మనిషి అని మాత్రం అనకండి. వెనకాల నవ్వుతారు. పోతూ పోతూ నవ్వించుకుని పోవడం నాకిష్టం లేదు.”

“అననమ్మా. ఒట్టు.”

ఆవిడ ఖాళీ ట్రాలీ తిప్పుకుని వెళ్ళిపోయింది. గుమస్తా తన ఉపన్యాసంలోంచి ఆ ఒక్క మాట తీసేసి చూసుకున్నాడు. పక్కనున్న ‘మృదుస్వభావి’ కూడా ఊగులాడింది. ఆవిడ మెత్తనిదో గట్టిదో తనకేం తెలుసు? తన బల్లకూ ఆవిడ బల్లకూ మధ్యలో ఉన్నది ఒక్క పలచటి గోడ. ఇన్నేళ్ళు గడిచినా ఆవిడ గురించి చెప్పడానికి తన దగ్గర ఒక్క నిజమూ లేదు. పురికొస ఉండ బల్ల మీద పెట్టేశాడు. గంట కొట్టేలోపు ఒక్క నిజం పట్టుకోవాలి. దొరక్కపోతే నోరు మూసుకుని కూర్చోవాలి తప్ప, ఆ అరిగిపోయిన మాటలు మళ్ళీ ఎత్తకూడదు. అలా గట్టిగా అనుకుని లేచాడు.

ముందు పుల్లలు బిగించే అతని దగ్గరికి వెళ్ళాడు.

“తనిఖీ ఆవిడ గురించి ఒక మాట చెప్పు.”

“మంచి మనిషి.”

“అది అందర్నీ అంటారు. ఇంకోటి చెప్పు.”

అతను సుత్తి పక్కన పెట్టి బాగా ఆలోచించాడు. “చాలా మంచి మనిషి” అన్నాడు.

మేనేజరు గదిలో ఇంకా తేలిగ్గా దొరికింది జవాబు. కుర్రమేనేజరు తల కూడా ఎత్తలేదు. “ఆవిడ టీమ్ ప్లేయరండీ. మన ఫ్యామిలీకి కీ రిసోర్సు. ఆవిడ జర్నీ అందరికీ ఇన్‌స్పిరేషన్.”

“ఆవిడ ఎప్పుడైనా మీతో మాట్లాడిందా సార్?”

మేనేజరు చేతిలో కాగితం తిప్పేశాడు. “ఆ పాయింటు మనం ఆఫ్‌లైన్‌లో మాట్లాడుకుందాం” అన్నాడు.

తన ఉపన్యాసమే కొత్త ప్యాంటు తొడుక్కుని కుర్చీలో కూర్చున్నట్టు అనిపించింది గుమస్తాకు. కోపం రాలేదు. ఈ కుర్రవాడితోనూ ఎప్పుడో ఎవరో చెయ్యి కలిపి ఉంటారు.

ఇస్త్రీ బల్ల దగ్గర ఒకావిడ గుడ్డ పరుస్తోంది. ఒకప్పుడు తనిఖీలో పనిచేసిన మనిషే. కొత్తగా చేరిన ఆడవాళ్ళను ముందు అక్కడే వేస్తారు. మంచిది అంది. ఇంకోటి చెప్పమన్నాడు. మనసు మంచిది అంది. అదీ వద్దన్నాడు. ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఆవిడ విసుక్కుంది.

“ఏం గోలండీ మీతో! ఎవరికీ చెప్పనంటేనే చెప్తాను. మా పెద్దాడు నెలల పిల్లాడప్పుడు, మధ్యాహ్నం నన్ను ఇంటికి పొమ్మనేది. పాలిచ్చి పరుగెత్తుకొచ్చేదాన్ని. బల్ల ఖాళీగా ఉండకూడదుగా, తను నిలబడేది. నేనొచ్చాక ఎప్పుడో తినేది. నాకొక్కదానికే చేసింది, పాపం.”

చీటీలు కుట్టే ఆవిడ దగ్గర ఇంకా మొండికేశాడు. కదలనంటే కదలనన్నాడు. ఆవిడా చివరికి గొంతు తగ్గించి అదే చెప్పింది. ఆవిడ కూతురు ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. “ఇంకెవరికీ చేయలేదండీ, నేనంటే ప్రత్యేకం” అని కూడా అంది.

భోజనాల వేళ తన క్యారియరు విప్పకుండా గేటు దగ్గర నిలబడ్డాడు గుమస్తా. గంటకు కాస్త ముందు, ఇప్పుడు తనిఖీలో ఉన్న పిల్ల రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది. ఆయన్ని చూసి కొయ్యబారిపోయింది.

“బాబాయ్, మేనేజరుకి చెప్పకండి. పనిలోంచి తీసేస్తారు. చంటిది ఏడుస్తుంటుంది. అక్కే వెళ్ళమంది.”

“నేనేం చూడలేదు. పద” అన్నాడు. గంట కొట్టారు. ఇద్దరూ తిన్నగా పెద్ద గదికి నడిచారు.

నిజం దొరికింది. చెప్తే ఈ పిల్ల ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆవిడ ‘ముభావం’గానే గేటు దాటి వెళ్ళిపోతుంది. వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాడు.

మేనేజరు జర్నీ గురించీ ఫ్యామిలీ గురించీ చాలాసేపు మాట్లాడాడు. కుర్చీలో తనిఖీ ఆవిడ, ఏ కన్నంలోంచి వెలుతురు వస్తుందో చూస్తున్నట్టు గడ్డమెత్తి కూర్చుంది. తర్వాత గుమస్తాను పిలిచారు. వెనక వరసలో పెదవులు సిద్ధమయ్యాయి.

ఆయన లేచి, జిగురంటిన వేళ్ళు ఒకదాంతో ఒకటి గీక్కుంటూ నిలబడ్డాడు. నాలుక చివరికి పాత మాటలు రానే వచ్చాయి. పళ్ళు బిగబట్టాడు.

“ఈవిడ కలుపుగోలు మనిషి కాదు” అన్నాడు. వెనక వరసలో పెదవులు ఆగిపోయాయి.

“ఇన్నేళ్ళూ ఒక్కతే అన్నం తింది. మనుషులంటే గిట్టదనుకున్నాను. ముభావం అని నేనూ అన్నాను. ఎందుకు ఒక్కతే తినేదో నాకివాళే తెలిసింది. ఎందుకో నేను చెప్పను, మాటిచ్చాను. అది తెలిసినవాళ్ళు ఈ గదిలో ముగ్గురున్నారు. నాకొక్కదానికే అనుకుంటున్నారు ముగ్గురూ. గోడ పక్కనే ఉండి కూడా నేను చూడలేదు. అదే చెప్దామని లేచాను.”

సెలవు తీసుకుంటున్నానని అనకపోయేసరికి అయిపోయిందో లేదో ఎవరికీ తెలియలేదు. చప్పట్లు పడలేదు. ఇస్త్రీ ఆవిడ తలెత్తి చీటీల ఆవిడ వంక చూసింది. చీటీల ఆవిడ ఆ పిల్ల వంక చూసింది. అంతలో మిషన్ల దగ్గరి ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కిటికీ పక్కన ఇంకొకావిడ లేచి నిలబడింది. వెనక వరసలో ఎప్పుడూ నవ్వే ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గుమస్తా ముగ్గురే అనుకున్నాడు. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేస్తూనే ఉన్నారు.

తనిఖీ ఆవిడ గడ్డం కిందికి దిగింది. కాసేపు ఒళ్ళో చేతులు చూసుకుని లేచింది.

“బస్సుకి టైమవుతోంది. వెళ్ళొస్తానండీ” అంది అందరికీ కలిపి. గుమస్తా పక్కనుంచి వెళ్తూ ఆగింది. “మొహమ్మీదే కలుపుగోలు కాదన్నారే” అంది. కళ్ళు తడిగానే ఉన్నా, ఆయన ఎన్నడూ చూడని నవ్వు ఆ మొహంలో కనిపించింది.

“ఇంకా వోట్ ఆఫ్ థాంక్స్ ఉందండీ” అంటున్నాడు మేనేజరు. అప్పటికే ఆడవాళ్ళంతా ఆవిడ వెంట గేటు దాకా నడిచారు. బస్సొచ్చింది. ఆవిడ ఎక్కి వెళ్ళిపోయింది.

గుమస్తా తన బల్లకు పోకుండా తనిఖీ గదిలోకి వెళ్ళాడు. ఆ పిల్ల ఒక్కతే నిలబడి ఉంది.

“రేపట్నుంచి వెళ్ళేటప్పుడు నాకు చెప్పి వెళ్ళమ్మా. బల్ల దగ్గర నేనుంటాను.”

“మీకు చిల్లులు చూడటం వచ్చా బాబాయ్?”

“రాదు. నేర్చుకుంటాను. ఇప్పుడే చూపించు.”

ఆ పిల్ల ఒక గొడుగు అందించబోయి ఆగి, కిటికీ వంక చూసింది. “రోజూ నేను పరుగెత్తుకొచ్చేసరికి అక్క అక్కడ పెట్టేది. ఇవాళ ఇటు రాకుండా తిన్నగా మీటింగుకే వచ్చేశానుగా నేను” అంది.

కిటికీ గట్టు మీద, ఎండ తగలని మూలకు జరిపి, పైన సాసరు బోర్లించి, నిండా గ్లాసెడు మంచినీళ్ళు.