ముస్తఫా ఉస్తాద్ నూరుడు రాయి

నేను రాంచందర్‌ని, భానూర్ల సెలూన్ నాది. నాకు కోపం జల్దీ వస్తది, దాచుకునుడు చేతగాదు. ముందే చెప్తున్న.

పటాన్‌చెరుల నాకు క్షౌరం పని నేర్పిన ఉస్తాద్ ముస్తఫా పోయి నలభై దినాలు అయినంక, ఆయన భార్య నస్రీన్ చాచి పిలిచి ఒక గుడ్డ మూట చేతిల పెట్టింది. "నా రాయి రామునికే ఇయ్యి అన్నడు బేటా" అన్నది.

కత్తి నూరే రాయి. ఉస్తాద్ దుకాణంల పదేండ్లు పనిజేసిన గని ఒక్కనాడు గూడ ఆయన దాన్ని నాకు చూపియ్యలె. పరదా ఎనుక నూరుకొని వస్తుండె. "మా అబ్బాజాన్‌ది, విలాయతి రాయి" అని గిరాకీలకు చెప్తుండె. నన్ను నమ్మడా ఏంది అని లోపల్లోపల ఉడుకుతుంటి.

ఇంటికి తెచ్చి విప్పితే బూడిద రంగు రాయి, సాఫుగున్నది, ఒక అంచు పలిగింది. మా అరుగు మీది షాబాద్ బండ పక్కన పెడితే రెండు అన్నదమ్ముల్లెక్కనే ఉన్నయి. ఇది ఉత్త బండేనా అని అనుమానమొచ్చింది.

నా బిడ్డ సృజన గడ్డపోతారంల మందుల కంపెనీ ల్యాబ్‌ల పనిజేస్తది. "పరేషాన్ గాకు నాయినా, షాబాద్ బండ అయితే యాసిడ్ పడంగనే పొంగుతది, నూరుడు రాయి పొంగది" అని, బాత్రూం కడిగే యాసిడ్ ఒక మూలకు చుక్క వేసింది. బుసబుస పొంగింది.

"బండే నాయినా. నీ కోపమంత పొంగలె గని, బండే."

ఇగ నేను ఆగుతనా? పదేండ్ల చాకిరికి బండ ముక్కనా అనుకుంట చాచి ఇంటికి పోయిన.

"పోయినోన్ని అనొద్దు గని చాచీ, ఉస్తాద్ నన్ను శిష్యునిగ చూడనే లేదు. అసలు రాయి ఎవలకిచ్చిండు?"

"నీకే" అన్నది చాచి.

"గిది బండ చాచీ."

"గది గాదు బేటా. నువ్వు దుకాణం తెరిచిననాడు, మామూలు రాయే, వాడుకో అని ఒకటిచ్చిండు గద. అదే వాళ్ల అబ్బాది. అప్పటిసంది ఆయన మా వాకిట్ల పలిగిన బండ ముక్క మీదనే నూరుకున్నడు."

"మరి నాకెందుకు చెప్పలె?"

"చెప్తే తీసుకుంటుంటివా? 'నా చేతికి ఏ రాయైనా ఒకటే నస్రీన్, రామునిది ఇంక పచ్చి చెయ్యి, మంచి రాయి వానికే గావాలె' అన్నడు."

నేను గడప మీదనే కూసున్న. ఏడ్పు ఆగలె. బ్లేడు సగం విరిచి పెట్టే కత్తులు వచ్చి నూరుడు బంద్ అయ్యేదాంక పదిహేనేండ్లు ఆ రాయి మీదనే నూరిన. కత్తి పెడితే తెల్వనే తెల్వది, రాంచందర్ చెయ్యి వెన్నపూస అని ఊరంత అంటే, అవును, నా చెయ్యే అని మురిసిన. ఉస్తాద్ నా కోసం బండ మీద నూరుకుంట బతికిండు, నేనేమో ఆయన్ని తిట్టుకుంట బతికిన.