స్కూటరు వెనక ఎర్నమ్మ

నేను ఒక దబ్బనాన్ని. గోనె సంచులు కుట్టే జాతే మాది. నా బతుకు మాత్రం కోర్టు కాగితాల మీద గడిచింది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఓ చిన్న పట్టణంలో, పాతవాళ్ళు ఇప్పటికీ మునసబు కోర్టని పిలిచే చోట, రికార్డు గదిలో నా కాపురం.

పుట్టుకతో నేను దబ్బనాన్ని కాను, గొడుగు ఊచని. తవిటినాయుడనే వకీలు గుమాస్తా గొడుగులో ఉండేదాన్ని. ఒకసారి తుపాను గాలికి కోర్టు వరండాలోనే ఆ గొడుగు వెనక్కి తిరగబడింది. వకీళ్ళంతా నవ్వారు. తవిటినాయుడు మాత్రం విరిగిన ఊచల్లోంచి గట్టిదాన్ని ఒకదాన్ని ఏరుకుని బస్టాండు పక్కనున్న కమ్మరి దగ్గరికి పట్టుకెళ్ళాడు.

"ఒక కొసకి మొన తియ్యి. రెండో కొసకి సెవి కుట్టు. పిల్లకి కుట్టినట్టు జాగర్తగా కుట్టు."

"ఏటి నాయుడూ, గొడుగు పోయిందని బొంతలు కుడతావేటి?" అన్నాడు కమ్మరి.

"బొంతలు కాదెహె. దావాలు కుడతాను."

అలా నా చెవిలోకి తెల్లదారం ఎక్కింది.

దావా అంటే ఏమిటో ఆయన చేతిలోనే నేర్చుకున్నాను. మనుషులు కోర్టుకు కోపంతో వస్తారు. ఆ కోపానికి తలా తోకా ఉండదు. తాతల నాటి తగువూ, నిన్నటి తిట్టూ, పెళ్ళిలో వడ్డించని గారే, అన్నీ కలిసిపోయి వస్తాయి. కోర్టు నిబంధనలు ఆ కోపాన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చినట్టు అడుగుతాయి: నువ్వెవరు, తండ్రి పేరేమిటి, ఎక్కడుంటావు, నీకు అన్యాయం జరిగింది ఏనాడు, ఆ స్థలానికి నాలుగు హద్దులేమిటి, నీకేం కావాలి? ఒక్కో సంగతినీ ఒక్కో పేరాగా విడదీసి నంబరు వెయ్యమంటాయి. చివర్న దాఖలు చేసే దస్తావేజుల జాబితా రాయమంటాయి. ఎడమపక్క ఖాళీ వదలమంటాయి. ఆ ఖాళీ నాకోసమే. అక్షరం మీద పోటు పడకూడదని పెద్దలు నాకు వదిలిన జాగా అది. నాలాంటి ఊచముక్క గురించి కూడా ఆలోచించి రాసిన నిబంధనలంటే నాకు ఆనాటినుంచీ గౌరవం.

ఒకరోజు ఎర్నమ్మ వచ్చింది. ఎండుచేపలు అమ్ముకునే మనిషి. గంప వకీలు ఆఫీసు బయట దింపినా వాసన ఆమెతో పాటే లోపలికి వచ్చింది. పక్కింటి జగ్గునాయుడు ఆమె ఇంటి ముందు సందుకి అడ్డంగా గోడ కట్టేశాడు. రోడ్డెక్కడానికి వేరే దారి లేదు. పెరళ్ళలోంచి పోదామంటే చేపల వాసనని జనం తిడుతున్నారు. గంప రోడ్డెక్కకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

"గోడ ఎప్పుడు కట్టాడమ్మా?" అని అడిగాడు తవిటినాయుడు.

"నాను సంతకెల్లినప్పుడు."

"ఏ తేదీని?"

"సంతరోజు."

"సంతరోజుకి తేదీ ఉంటాది కాదేటి!"

"నాకేటి తెలుసు బావూ? సేపకి తేదీ ఉంటాదేటి, తాజాగున్నాదా కంపుకొట్టిందా అన్నదే గానీ!"

తవిటినాయుడు నవ్వి, పంచాంగం తిరగేసి తేదీ పట్టుకున్నాడు. అక్కడ సందు ఉండేదనడానికి సాక్ష్యం ఏముందని అడిగాడు. ఎర్నమ్మ కొంగుముడి విప్పి ఒక ఫొటో తీసింది.

దాని కథ చెప్పుకుంటే జగ్గునాయుడి మీద జాలి వేస్తుంది. అతను కొత్త స్కూటరు కొన్నప్పుడు పొంగిపోయి, పట్నం నుంచి ఫొటోగ్రాఫరును పిలిపించి, ఆ సందులోనే స్కూటరు ఎక్కి ఫొటో తీయించుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఎర్నమ్మ గంప నెత్తిన పెట్టుకుని వెనకనుంచి వచ్చి, దారి లేక నిలబడి, అతని దర్జా చూసి ఫక్కున నవ్వింది. ఆ నవ్వు కూడా ఫొటోలో పడింది. పాడైపోయిన ఫొటో నాకెందుకని అతనే దాన్ని ఆమె చేతిలో పెట్టాడు. సందు ఎంత వెడల్పుందో, గోడ లేకుండా ఎలా ఉండేదో, అన్నీ అందులో కనబడుతున్నాయి. తనకు వ్యతిరేకంగా సాక్ష్యాన్ని తనే డబ్బిచ్చి తీయించుకున్న ప్రతివాదిని ఆ కోర్టులో మళ్ళీ నేను చూడలేదు.

ఫొటో ఒక్కటే చాలదు, నెగెటివు కూడా దాఖలు చెయ్యాలి. ఫొటోగ్రాఫరును బతిమాలి అదీ తెచ్చారు. అర్జీ రాయడం అయ్యాక తవిటినాయుడు నన్ను తీశాడు. అర్జీని, జాబితాని, వకాల్తానీ కుట్టాడు. ఫొటో దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. దాన్నీ, నెగెటివునూ ఒక మందపాటి కవర్లో పెట్టి, కవరు అంచుకు మాత్రమే నన్ను గుచ్చాడు.

దాఖలు విభాగంలో గుమాస్తా పట్టేశాడు. "ఫొటో కుట్టలేదేమయ్యా?"

"కవరు కుట్టేనండి."

"దస్తావేజులు కుట్టి ఇవ్వాలని తెలీదూ?"

"మడిసి మొగానికి బెజ్జం ఎట్టమని ఏ రూల్లో ఉన్నాదో సూపించండి, కుట్టేస్తాను."

గుమాస్తా పుస్తకం తీసి కాసేపు తిరగేశాడు. ఎక్కడా కనబడలేదు. ముద్ర వేసి తీసుకున్నాడు. తీసుకుంటూ, "మా దబ్బనం విరిగిపోయింది, ఒకసారి నీదిలా ఇవ్వు," అన్నాడు. అంతే, నేను సర్కారు సొత్తునైపోయాను. తవిటినాయుడు బతికున్నంత కాలం కౌంటరు దగ్గరికొచ్చి, "నా గొడుగు బాగున్నాదా?" అని నన్ను పలకరించేవాడు.

ఆ దావా కట్టతో పాటు నేనూ కోర్టు హాల్లోకి వెళ్ళేదాన్ని. కొత్తగా వచ్చిన కాగితాన్నల్లా బెంచి గుమాస్తా నాతో కుట్టేవాడు. ఫొటోగ్రాఫరు వచ్చి ప్రమాణం చేసి, తీసింది నేనే అన్నాడు. జడ్జిగారు ఫొటో వెనక ముద్ర వేయించి, వాది దస్తావేజుల్లో మూడోది కనక ఎ-3 అని రాసి, సంతకం పెట్టారు.

తీర్పు రోజు నాకు బాగా గుర్తు. తీర్పును నిండు కోర్టులో చదవాలి, నాలుగు గోడల మధ్య చెవిలో చెప్పకూడదు. జడ్జిగారు చదివారు. వాది చెప్పిందేమిటో, ప్రతివాది చెప్పిందేమిటో, తేల్చవలసిన అంశాలేమిటో, ఒక్కో అంశానికీ జవాబేమిటో, ఆ జవాబుకు కారణమేమిటో. కారణం చెప్పకుండా గెలిపించే అధికారం ఆయనకు లేదు, ఓడించే అధికారమూ లేదు. ఓడిపోయిన జగ్గునాయుడు కూడా తను చెప్పినవన్నీ అందులో ఉన్నాయని తన వకీలు చెప్పగా విని తల దించుకున్నాడు. ఇంగ్లీషులో చదవడం అయ్యాక జడ్జిగారు కళ్ళజోడు తీసి తెలుగులో అన్నారు: "అమ్మా, దారి నీదే. గోడ తీసేస్తారు."

ఎర్నమ్మ దండం పెట్టింది. "బావూ, మరి నా పొటో?"

"అప్పీలు గడువు అయ్యాక అర్జీ పెట్టుకో. ఇస్తారు."

ఆమె పెట్టుకోలేదు. గోడ పోయింది, గంప రోడ్డెక్కింది. సంతలో మాత్రం, "నా పొటో జడ్జిగారి దగ్గరున్నాది. దాని మీద ఆయన సంతకం ఎట్టినారు. మీ పొటోలకి ఎవులెట్టినారు?" అని అందరినీ ఆటపట్టించేదట. ఇంట్లో పెడితే చెదలు తింటాయి, కోర్టులో భద్రంగా ఉంటుందని ఆమె నమ్మకం. మనుషులు మా మీద పెట్టుకునే నమ్మకం చూస్తే ఒక్కోసారి ఇనుముకి కూడా భయం వేస్తుంది.

తీర్పయిన కట్టలతో పాటే నేనూ రికార్డు గదికి చేరాను. కోర్టు రికార్డుకూ ఆయుష్షుంటుంది. ఏళ్ళు గడిచాక కట్ట విప్పి, తీర్పునూ డిక్రీనీ శాశ్వతంగా దాచి, మిగతా కాగితాలను నాశనం చేస్తారు. ఎవరి దస్తావేజులు వాళ్ళు తీసుకోండని ముందుగా నోటీసు బోర్డు మీద అంటిస్తారు. బోర్డు కింద నిలబడి జనం టీ తాగుతారు.

అలాంటి నోటీసు గడువు ముగిసే వేళకు దమయంతి వచ్చింది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి, నడివయసు. పాత కట్టలు కాల్చేస్తున్నారని ఎవరో చెబితే పరుగున వచ్చింది. రికార్డు గదిలో పట్నాయక్ గారు, ఆయన కింద పనిచేసే ఢిల్లీశ్వరి ఉన్నారు.

"నంబరేమిటమ్మా?" అన్నారు పట్నాయక్ గారు.

"నాకు తెల్దు బాబూ. మా యమ్మ పేరు ఎర్నమ్మ. స్కూటరు వెనకాల నిల్చున్న పొటో."

"ఏ సంవత్సరం?"

"నా సిన్నప్పుడు."

పట్నాయక్ గారు నుదురు పట్టుకున్నారు. ఆయన కఠినుడు కాదు. ఆ కాలం నాటి దావా రిజిస్టర్లను చెదలు తినేశాయి. నంబరు లేకపోతే ఆ గోనె సంచుల గుట్టలో ఏ కట్టని వెతకడం? "తల్లీ, వీటిని పట్టుకుపోవడానికి రేపే లారీ వస్తోంది. వేరే ఫొటో ఇంకేదీ లేదా?"

"అదొక్కటే తీయించుకున్నాది. తీయించుకోడమేటి, అడ్డంగా పడిపోనాది." దమయంతి నవ్వబోయి నవ్వలేకపోయింది. "నా సిన్నతనంలోనే పోనాది బాబూ. ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకుంటే మొగం కనిపించీది. ఈమద్దిన కనిపించట్లేదు."

ఢిల్లీశ్వరి లేచింది. "సార్, తీర్పులన్నీ విడిగా బైండు చేసి ఉన్నాయి కదండీ. ప్రతి తీర్పు చివరా సాక్షుల పేర్లూ దస్తావేజుల జాబితా ఉంటాయి. చివరి పేజీలు చూసుకుంటూ పోతాను."

"అన్ని తీర్పులా? ఓలమ్మా, సాయంత్రానికి కళ్ళు పోతాయి నీకు."

"మరి చివర జాబితా వెయ్యమని నిబంధన పెట్టింది ఎందుకండీ? ఎవరో ఒకరు చూడ్డానికే కదా."

పట్నాయక్ గారు కళ్ళజోడు తుడుచుకుని తనూ ఒక బైండు ముందేసుకున్నారు. దమయంతికి చదువు రాదు కాబట్టి దుమ్ము దులిపి అందించింది. భోజనాల వేళ దాటింది. ఎన్ని తగువులు తిరిగాయో ఆ పేజీల్లో! అన్నీ ఒకే వరసలో, ఒకే తీరులో ముగుస్తున్నాయి. ఆ తీరే లేకపోతే ఆ రోజు ఎవరూ ఏదీ పట్టుకోలేకపోయేవారు. చివరికి పట్నాయక్ గారి వేలు ఒకచోట ఆగింది.

"ఎ-3. స్కూటరు మీద ప్రతివాది, వెనక వాది ఉన్న ఫొటో, నెగెటివుతో సహా." ఆయన తీర్పు మొదటి పేజీకి తిప్పారు. "నంబరు రాసుకో ఢిల్లీశ్వరీ."

ఫొటో చేతికి రావాలంటే పద్ధతి ఉంది. దమయంతి చేత అర్జీ రాయించారు, కూతురినని ప్రమాణపత్రం పెట్టించారు. జడ్జిగారు అదే సాయంత్రం ఉత్తర్వు ఇచ్చారు, నకలు తీసి ఉంచమని కూడా రాశారు. వరండాలో గోనెలు విప్పారు. తీర్పు తీసేసిన కట్ట, దారం తెగి, విడివిడిగా దొరికింది. ప్రతి కాగితానికీ ఎడమ అంచున నా పోటు. నా గుర్తుల్ని నేనే చూసుకున్నాను. చివర మందపాటి కవరు, మూతి బిగుసుకుపోయి ఉంది. ఢిల్లీశ్వరి నా మొనతోనే దాన్ని మెల్లగా తెరిచింది.

ఎక్కడా చిల్లు లేదు. జగ్గునాయుడు స్కూటరు మీద బిగదీసుకుని కూర్చున్నాడు. వెనక ఎర్నమ్మ, నెత్తిన గంప, నోటినిండా నవ్వు.

దమయంతి చాలాసేపు చూసింది. తర్వాత తన చెంపలు తడుముకుంది.

"ఓలమ్మా," అంది, "మా యమ్మ నాకంటే సిన్నది!"

పట్నాయక్ గారు కిటికీ వైపు తిరిగారు. దమయంతి ఫొటో తిరగేసి వెనక సంతకం మీద వేలు పెట్టింది. "నిజంగానే ఎట్టినారు. అబద్ధం సెప్తన్నాదని సంతలో నవ్వీవోరు." ఆపైన కవరు ఢిల్లీశ్వరికి ఇచ్చింది. "అమ్మాయీ, బస్సులో నలిగిపోతాది. దీని మూతి కుట్టీవా?"

ఢిల్లీశ్వరి నా చెవిలో దారం ఎక్కించింది. ఫొటోను కవరు అడుగుకు తోసి, అంచు వెంట కుట్టింది, తవిటినాయుడు కుట్టినట్టే.

ఇప్పుడు దావాలు కంప్యూటర్లోకి పోతున్నాయి. ఎడమపక్క ఖాళీ మాత్రం వదలమనే అంటున్నారట. నేను ఢిల్లీశ్వరి బల్ల మీద పెన్నుల గ్లాసులో ఉంటున్నాను. కొత్తగా చేరినవాళ్ళు నన్ను చూసి, "ఇదేంటి మేడం, గొడుగు ఊచలా ఉంది?" అంటారు.

"అవును, గొడుగు ఊచే," అంటుంది ఆవిడ. కుర్చీ లాక్కుని కూర్చోమని, ఎర్నమ్మ దగ్గర మొదలుపెడుతుంది.