లేవాల్సినవాళ్ళు

...అయినా ఊరికే కూర్చోవడం కూడా ఒక పనే అని ఎవరు కనిపెట్టారో. పంతొమ్మిదేళ్ళుగా రాజుగారి పడకగదిలో అతను నిలబడే ఉన్నాడు. చొక్కా అందించేటప్పుడు, గిన్నె పట్టుకునేటప్పుడు, ఏ పనీ లేనప్పుడు కూడా. ఈ సభలో మాత్రం కూర్చోవచ్చు. అందుకే సర్ ఆంబ్రోజ్ థర్ల్‌బీకి పార్లమెంటు ఒక విశ్రాంతిలా ఉండేది. ఇవాళ్టి వరకూ.

చర్చికి రాకుండా ఇళ్ళలో ప్రార్థనలు చేసుకునేవాళ్ళని జైల్లో పెట్టే చట్టాన్ని రద్దు చెయ్యాలని బిల్లు వచ్చింది. అతని అక్క డోర్కస్ రెండేళ్ళుగా ఆ చట్టం కిందే జైల్లో ఉంది. దగ్గితే రక్తం పడుతోంది. బిల్లు నెగ్గితే బయటికొస్తుంది.

పొద్దున్నే దర్బారు నుంచి కబురొచ్చింది: మనవాళ్ళెవరూ లేవకూడదు.

ఇక్కడ ఓటు వేసే పద్ధతి అది. కొత్తది కావాలనేవాళ్ళు లేచి బయటి నడవలోకి వెళ్ళాలి. వద్దనేవాళ్ళు ఉన్నచోట ఉంటే చాలు.

"నవంబర్లో ఈ చెమటేమిటయ్యా?" పక్కనున్న గైల్స్ పామ్‌ఫ్రెట్ నారింజ ఒలుస్తూ అడిగాడు. అతనూ దర్బారు మనిషే.

"ఉన్నికోటు."

"కదలకు మరి. కదిలావో, రేపట్నుంచి ఆ చొక్కా అందించేది నేనే. నీకంటే నా చేతులు వెచ్చన."

"జిగురు కూడా."

గైల్స్ పొట్ట కదిలేలా నవ్వాడు.

పోయిన నెల జైలుకు వెళ్ళినప్పుడు అక్క బిల్లు మాటే ఎత్తలేదు. "అంతసేపు నిలబడతావు కదరా, కాళ్ళకి బాతుకొవ్వు రాసుకుంటున్నావా?" అంది. అతనికి కోపమొచ్చింది. అడిగి ఉంటే కాదనేవాడు. కాదన్నందుకు బాధపడేవాడు. ఆ బాధతో సరిపోయేది. అడగని మనిషికి ఏమని కాదంటాడు? ఇప్పుడు కూర్చునే ఉంటే, నేనేమీ చెయ్యలేదని తర్వాత చెప్పుకోవచ్చు. అది నిజం కూడా. ఆ నిజమే అతనికి నచ్చలేదు.

"బిల్లు కావాలనేవాళ్ళు బయటికి," అన్నాడు స్పీకరు.

బెంచీలు కిర్రుమన్నాయి. పదిమంది, ఇరవైమంది. ఖాళీ అయిన చోట్లలోకి మిగిలినవాళ్ళు అప్పుడే జరుగుతున్నారు. తలుపు దగ్గర గుంపు పలచబడింది.

గైల్స్ హాయిగా కాళ్ళు చాపుకుని దారికి అడ్డంగా ఉన్నాడు.

ఆంబ్రోజ్ ఆ మోకాళ్ళని చేత్తో పక్కకి జరిపి, లేచాడు.