డ్రైవరు వెనక సీటు

శుక్రవారం సాయంత్రం నాలుగూ ఇరవైకి పోల్దో గాలెగో రాసిన వాక్యం నాలుగోసారి వెనక్కి వచ్చింది. గడువు అయిదు గంటలు.

పోల్దోకి యాభై ఏళ్ళు. ఇలోయిలో నగరంలో ఇరవై ఏడేళ్ళుగా జీప్నీల మీద, అంటే షేరు బళ్ళ మీద, పేర్లు రాస్తున్నాడు. సాయంత్రాలు కాలేజీకి వెళ్తున్నాడు. ఈ ఏడు డిగ్రీ చేతికొస్తే సాంకేతిక పాఠశాలలో మాస్టరు ఉద్యోగం, పదేళ్ళు చేస్తే పింఛను. వచ్చే ఏడుకి వయసు దాటిపోతుంది. మిగిలింది థీసిస్. అంశం, రిటైర్మెంటుకి పొదుపు. థీసిస్ మొత్తం ఏం వాదిస్తుందో ఒక్క వాక్యంలో చెప్పి సంతకం పెట్టించుకుంటేనే తర్వాతి పేజీ రాయనిస్తారు.

మొదటిసారి తెచ్చిన వాక్యంలో డెబ్బై ఒక్క మాటలున్నాయి.

"మానొంగ్, జీప్నీ మీద నాలుగు మాటల్లో చెప్పేస్తారు కదా. ఇక్కడెందుకింత సాగదీస్తారు?" అని అడిగింది థీసిస్ గైడు దుమాంకాస్ మేడం. ఆమెకు ముప్ఫై ఒకటి; తనకన్నా పెద్దవాణ్ణి అక్కడ మానొంగ్ అంటారు, అంటే అన్న.

"అక్కడా సాగదీస్తాను మేడం. అక్షరానికింతని తీసుకుంటాను."

నాలుగోది పది మాటలకు దిగింది. 'భవిష్యత్తు కోసం ఇప్పటి నుంచే పొదుపు చేయడం ప్రతి ఒక్కరికీ ఎంతో మంచిది.'

"పొట్టిగానే ఉంది. కానీ దీన్ని కాదనేదెవరు? ఎవరూ కాదనని మాటకి ఇరవై పేజీలు దేనికి? కాదనే మనిషి ఒక్కడుంటే సంతకం పెడతాను."

పోల్దో కిందికి దిగాడు. కాలేజీ గేటు ముందు డ్రైవరు ఎఫ్రెన్ దెమాయో జీప్నీ ఆగి ఉంది. దాని పక్క రేకు మీద ఎఫ్రెన్ పిల్లల పేర్లు అయిదున్నాయి.

"మానొంగ్, ఆరోదాని పేరెప్పుడు రాస్తారు? నన్నెందుకు వదిలేశారని ఇంట్లో ఒకటే ఏడుపు."

"రాస్తాలే తమ్ముడూ. ముందిది చెప్పు. ముసలాడివయ్యాక ఏం తిని బతుకుతావ్?"

"రేకు మీద ఉన్నారుగా అయిదుగురు. మీరు ఆరోది కూడా రాస్తే ఇంకాస్త బాగా తింటాను."

"వాళ్ళకీ తలా ఆరుగురు పుడితే?"

ఎఫ్రెన్ ఇంజను ఆపాడు.

"ట్రిప్పుకి ఒక్క సీటు ఛార్జీ పక్కన పెట్టు. నీ వెనక సీటుది. నీ ముసలితనం అక్కడ కూర్చుందనుకో," అన్నాడు పోల్దో.

"డీజిలు పోగా నాకు మిగిలేదే ఆ సీటు. ముసలితనాన్ని తర్వాతి జీప్నీ ఎక్కమనండి."

"నా మాట తప్పంటావా?"

"నూటికి నూరుపాళ్ళూ తప్పు."

పోల్దో అతని చెయ్యి పట్టుకుని మేడ మీదికి లాక్కెళ్ళాడు. మెట్ల దగ్గర కాగితాన్ని గోడకానించి రాశాడు. 'ప్రతి ట్రిప్పులో ఒక సీటు ఛార్జీ జీప్నీ డ్రైవరు ముసలితనానికి చెందాలి.'

మేడం చదివి ఎఫ్రెన్ వైపు చూసింది.

"మీరు దీన్ని కాదంటారా?"

"అంటాను మేడం. పిల్లల్లేని మనిషి మాటిది. కావాలంటే రాసిస్తాను."

"వద్దులెండి. రాయడానికి ఈయనున్నారు."

నాలుగూ యాభై ఆరుకి సంతకం పెట్టింది.

శనివారం పోల్దో ఆరో పేరు రాశాడు. జీప్నీ లోపల, డ్రైవరు వెనక సీటు పైన, ఎవరూ అడగకుండానే ఇంకో వరస రాశాడు. 'ఈ సీటు ఛార్జీ డ్రైవరు ముసలితనానికి.' దానికి డబ్బు తీసుకోలేదు. ఎఫ్రెన్ చెరపమనలేదు.

సోమవారం మొదటి ట్రిప్పులో ఆ సీట్లో ఎఫ్రెన్ అత్తగారు కూర్చుంది. మార్కెట్ దగ్గర దిగింది. ఛార్జీ ఇవ్వలేదు.