మూడో గేరులో నూట ఇరవై గుర్రాలు

నా బావమరిది లాండ్రీ నడుపుతాడు. కొండమీది ఆసుపత్రి దుప్పట్ల పని అతనికి దొరికేలా ఉంది. షరతు ఒక్కటే: డాక్టర్లు వార్డుల్లోకి రాకముందే, అంటే ఉదయం తొమ్మిదిలోగా, ఉతికిన మూటలు చేరాలి. మూడు రోజుల పరీక్ష పెట్టారు. మొదటి రెండు రోజులూ ఆలస్యమైంది. మూడోనాడూ ఆలస్యమైతే పని ఇంకొకరిది.

రెండుసార్లూ గేటుకు ముందున్న ఎత్తు మలుపులోనే కారు ఆగిపోయింది. సగం మూటలు రోడ్డు పక్కన దింపి, మిగిలినవి పైకి చేర్చి, మళ్ళీ కిందికి వచ్చాడు.

ఈ పెట్రోలు కారు వద్దని, పాత డీజిల్ వ్యాను తీసుకోమని నేను ముందే చెప్పాను. అతని వాదం బండి కాగితంలో గుర్రాల బలం, అంటే హార్స్‌పవర్, చూపే ఒక్క అంకె మీద నిలబడింది.

"వ్యాను డెబ్భై అయిదు ఎక్కువా, కారు నూట ఇరవై ఎక్కువా, బావగారూ? లెక్కల్లో మీకు చెప్పేంతవాణ్ణా!"

టార్క్ అంటే ఇంజను తన ఇరుసును తిప్పే బలమనీ, పవర్ అంటే ఆ బలంతో ఎంత వేగంగా తిప్పుతోందన్న లెక్క అనీ వివరించాను. డీజిల్ వ్యాను నెమ్మదిగా తిరుగుతూనే బలం చూపుతుంది. ఇతని నూట ఇరవై మాత్రం నిమిషానికి ఆరువేల చుట్లు తిరిగినప్పటి మాట. అంత ఓపికగా చెబితే ఆవులించాడు.

మూడోనాడు నేను ముందు సీట్లో, నా భార్య వెనక మూటల మధ్య కూర్చుని బయలుదేరాం. అసలు జబ్బు అప్పుడు తెలిసింది. ఉతికే యంత్రం అరిచిందంటే బేరింగు పోయిందని తక్షణం ఆపేసే అలవాటు ఇతనిది. ఇంజను గొంతు కాస్త పెంచగానే అదే భయంతో పై గేరు వేసేస్తున్నాడు.

"నూట ఇరవై గుర్రాలను కొన్నావు. ఇప్పుడు ముప్పై కూడా లాయం దాటలేదు. మిగతావి గడ్డి మేస్తున్నాయి."

"మీ వెటకారం బరువు కూడా బండే మోయాలి, బావగారూ."

మలుపు దగ్గర మూడో గేరు వేశాడు. కారు వణికి, దగ్గి, ఆగిపోయింది. అరగజం వెనక్కి జారాక హ్యాండుబ్రేకు లాగాడు. ఎనిమిది నలభై నాలుగు.

"మూటలు దింపేద్దాం," అన్నాడు నీరసంగా.

"దింపితే పని పోయినట్టే! చిన్న గేరు చక్రాల దగ్గర టార్క్‌ను పెంచుతుంది, ఇంజనును వేగంగా తిరగనిస్తుంది, అందువల్ల పవర్..."

"ఏమండీ, పాఠం సాయంత్రం చెప్పండి," అంది నా భార్య. "ఒరే తమ్ముడూ, ఫస్టులో కదిలించు. సెకండు వేశాక గేటు దాకా గేరు ముట్టుకోకు. ఎంత అరిచినా సరే."

"ఇంజను పగిలిపోతుందక్కా!"

"పగిలితే నేను నెడతాను. పద."

ఫస్టులో కదిలింది. సెకండు పడింది. ఇంజను చుట్లు చూపే ముల్లు మూడువేలు దాటి, నాలుగువేలు దాటింది. ఇంజను గోలకు అతని మొహం పాలిపోయింది. చెయ్యి గేరు మీదికి పోయినప్పుడల్లా వెనకనుంచి అక్కగారి చెయ్యి దాన్ని ఠపీమని కొట్టింది. మలుపు గడిచింది. ఎనిమిది యాభై రెండుకు మూటలు వార్డు గుమ్మంలో ఉన్నాయి.

వార్డు పర్యవేక్షకురాలు లెక్క చూసుకుని, రేపటినుంచి కర్టెన్లు కూడా తీసుకెళ్ళమంది.

బావమరిది బానెట్ నిమిరాడు. "చూశారా బావగారూ? నూట ఇరవై అంటే మాటలా!"

నేను మళ్ళీ టార్క్ సంగతి మొదలుపెట్టాను. అతను మాత్రం అక్క చెవి దగ్గరికి వంగాడు.

"అక్కా, రేపు కర్టెన్ల బరువుకు కూడా సెకండేనా?"

"మీ బావగారిని అడుగు."

"అమ్మో! ఆయన చెప్పడం పూర్తయ్యేసరికి తొమ్మిదవుతుంది."